పంచ్ కొనాలా, ఎక్స్‌టర్ కొనాలా?

ప్రశ్న: రోజూ చిలుకూరు నుంచి కోదాడకు ఉద్యోగానికి వెళ్లొస్తాను. ఆదివారం పొలానికి. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లలో ఏది నయం?
– ఒక పాఠకుడు, చిలుకూరు

జవాబు: రెండూ 1.2 లీటర్ల పెట్రోలు బండ్లే. నేల నుంచి ఎత్తు పంచ్‌కు 187, ఎక్స్‌టర్‌కు 185 మిల్లీమీటర్లు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకండి. ఎక్స్‌టర్‌ది నాలుగు సిలిండర్ల ఇంజిన్, నున్నగా నడుస్తుంది. మూడు సిలిండర్ల పంచ్‌లో కాస్త అదురు తెలుస్తుంది. కానీ దాని తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఎక్కి దిగడం ఎంత తేలికో చూస్తేగాని తెలియదు. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పంచ్ పెద్దల భద్రతకు 5 స్టార్లు తెచ్చుకుంది. ఎక్స్‌టర్‌లో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి.

పేరుకు ఎస్‌యూవీలైనా రెండింటికీ ఇంజిన్ బలం ముందు చక్రాలకే. నాట్ల కాలంలో కాలువ కట్ట బురదలోకి దింపకండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. నలుగురిని ఎక్కించుకొని, ఏసీ వేసి, 65వ నంబరు హైవే మీద లారీని దాటి చూడండి. పెద్దవాళ్లుంటే నా ఓటు పంచ్‌కే.