పూత రాకముందే పట్టుకోవాల్సిన పులికంప

తొలకరి కుదురుకున్నాక ఇంద్రావతి నుంచి శబరి దాకా బస్తర్ రైతుకు నాగలికీ నారుమడికీ మధ్య తీరిక దొరకడం కష్టమే. అయినా ఆషాఢ శ్రావణాల్లో ఒక పూట గట్ల కోసం అట్టిపెట్టుకోవాలి. గట్ల మీదా, పశువుల బాటల వెంటా, అడవి అంచునా ఇప్పుడు చిగురు వేస్తున్న పొదల్లో పులికంప ఉంటుంది. కొందరు దీన్ని తలంబ్రాల చెట్టంటారు, హిందీలో రాయ్‌మునియా, శాస్త్రజ్ఞులకు లాంటానా కమారా. ఎరుపూ పసుపూ కలిసిన పూలగుత్తి కనబడితే గుర్తుపట్టని వాళ్లుండరు. చిక్కంతా అక్కడే ఉంది. పువ్వును చూసి పోల్చుకునేసరికి కాయ దగ్గర పడుతుంది. కాయ పండిందంటే పిగిలిపిట్టలూ గోరింకలూ తిని విత్తనాన్ని ఊరంతా చల్లి వస్తాయి. బాగా ఎదిగిన పొద ఏడాదికి 12,000 దాకా కాయలు కాయగలదు. కాబట్టి రైతుకు పనికొచ్చే గుర్తులు ఆకులో, కాడలో వెతకాలి.

పువ్వును నమ్మకపోవడానికి ఇంకో కారణం ఈ మొక్క పుట్టుపూర్వోత్తరాల్లో ఉంది. ఇది అమెరికా ఖండపు వేడి ప్రాంతాలది. యూరప్ తోటమాలులు రంగుల కోసం రకాలను కలిపి కలిపి పెంచారు. 19వ శతాబ్దం తొలి దశకంలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అలంకార మొక్కగా వచ్చింది. అలా సంకరమై అడవిన పడ్డ మొక్క ఒకే పోలికతో ఎందుకుంటుంది? ఒక పొదలో పూలు పసుపుగా విచ్చి నారింజలోకి, ఎరుపులోకి తిరుగుతాయి, ఇంకో పొదలో గులాబీ, మరోచోట తెలుపు. ముళ్లూ అంతే. కొన్నిటికి కాడ నిండా వెనక్కి వంగిన ముళ్లు, కొన్నిటికి తగిలీ తగలనంత గరుకు. ముళ్లు లేవు కదా అని నర్సరీ కుండీలోని రకాన్ని తెచ్చి పొలం ఇంటి ముందు నాటడం కూడా మంచిది కాదు, దాని పుప్పొడి అడవి పొదలకు చేరదన్న హామీ ఏమీ లేదు.

లేత కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. తులసి కాడలా నాలుగు పలకలు తగులుతాయి. ప్రతి కణుపు దగ్గరా ఆకులు ఎదురెదురుగా రెండేసి ఉంటాయి, పై జత కింది జతకు అడ్డంగా నిలుస్తుంది. ఆకు కోలగా, కొన తేలి, అంచున సన్నని రంపపు పళ్లతో, పైన గరుకుగా ఉంటుంది. నలిపితే వెగటైన ఘాటు వాసన వేస్తుంది. రేగు, పరికి కంపలతో పొరబడవచ్చు గానీ వాటి ఆకులు జతగా రావు, అటొకటి ఇటొకటిగా వస్తాయి. వావిలి లేతకాడకూ పలకలుంటాయి, కానీ దాని ఆకు మూడు నుంచి ఐదు రెక్కలుగా విడివడి ఉంటుంది, ముల్లుండదు. ఈ తేడా చూసుకోకుండా గట్టు బాగుచేయబోయి రేగునూ వావిలినీ నరికి పులికంపను వదిలేస్తే, దానికి మనమే చోటు చేసిపెట్టినట్టు.

పశువులు ముట్టవు కదా, కంచెగా ఉండనీ అనే మాట ఎక్కువగా వినబడుతుంది. మేత దొరికినన్నాళ్లూ ఆ మాట నిజమే. గడ్డి మాడిపోయిన ఎండాకాలం చివర్లో ఆకలిగొన్న పశువు, అందులోనూ కొత్తచోటు నుంచి తోలుకొచ్చినది, తింటుంది. ఆకులోని లాంటాడీన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువు మేత మానేస్తుంది, పేడ గట్టిపడుతుంది, కళ్లు పచ్చబడతాయి, ముట్టె పగులుతుంది, ఎండ తగిలిన తెల్లచర్మం పొక్కిపోతుంది. అలాంటి పశువును నీడన కట్టి వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. పచ్చికాయలు పిల్లల నోటికీ చేరకూడదు. పశువులు ముట్టని కంచే కావాలంటే వావిలి ఉంది, అడ్డసరం ఉంది. ముళ్లే కావాలంటే గచ్చ ఉంది. ఇక అడవి సంగతి. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, అంటే 1,54,000 చదరపు కిలోమీటర్లకు మించి, ఈ కంప ఆక్రమించింది. బస్తర్ కుటుంబానికి ఆ లెక్క అర్థం వేరు. గుబురు కింద ఇప్ప మొలక ఎదగదు, గడ్డి రాదు, తునికాకు కోయబోతే చెయ్యి లోపలికి పోదు.

నిప్పు పెడితే పోతుందనే వారికి జవాబు మొదట్లోనే దొరుకుతుంది. ఇప్పపువ్వు ఏరడానికి నేల కాల్చినచోట పైకొమ్మలు మాడినా పులికంప మొదలు బతికే ఉంటుంది, వానకు పిలకలేస్తుంది. మాడిపోయేది పక్కనున్న ఇప్ప, తునికి మొలకలు. కొడవలితో పైపైన నరికినా ఫలితం అదే. కలుపుమందు గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, పైగా గట్టు మీద కొట్టింది వానకు మడిలోకి దిగుతుంది. పురుగులతో అణచాలని 1921లో హవాయి నుంచి, 1941లో ఆస్ట్రేలియా నుంచి తెప్పించారు. కంప మాత్రం తగ్గలేదు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగలు దీని కాడలతో కుర్చీలు, బుట్టలు అల్లి అమ్ముతున్నారు. ఆ ఉపాధి మెచ్చుకోదగ్గదే, కానీ కాడ కోసి మొదలు వదిలితే పంట పెట్టినట్టే అవుతుంది.

నిలిచే పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం కార్బెట్ అడవుల్లో చేసి చూపింది. కొమ్మలు పక్కకు నెట్టి, కాడ వేరుగా మారే చోటికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద గునపంతో తల్లివేరు తెగ్గొట్టాలి. పిలకలు వేసే భాగమంతా అప్పుడు పొదతోపాటే వచ్చేస్తుంది. పొదను అక్కడే వేర్లు పైకి ఉండేలా తలకిందులుగా ఎండబెట్టాలి, తడినేలకు ఆనిన కాడ మళ్లీ వేరు పోస్తుంది. అప్పటికే కాయలుంటే ముందు వాటిని సంచిలోకి దులపాలి, పొదను పొలం మీదుగా ఈడవకూడదు. గట్టు మీద మీ ఇష్టం. అడవిలో అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొందిన చోట గ్రామసభ తీర్మానించి చేయవచ్చు, మిగతా చోట్ల అటవీశాఖ అనుమతి కావాలి. ఖాళీ అయిన చోట వెంటనే వావిలి కొమ్మలు గుచ్చండి. పిట్టలు వాలే చెట్ల కింద వచ్చే రెండు మూడేళ్లూ తొలకరికి తిరిగి చూడాలి, వేలెడంత మొలకైతే చేత్తోనే ఊడివస్తుంది.