గ్రామమే కొలత

షోలాపూరు తూర్పుభాగమున నేతపేటలలో మూడు భాషలు వినవచ్చును. ఇంట తెలుగు, బజారున మరాఠీ, అక్కల్‌కోట వైపునుండి వచ్చినవారితో కన్నడము. తెలుగునాటినుండి వలసవచ్చిన పద్మశాలీల మగ్గములే ఈ పేటలకు ఆధారము. ఇట్టిచోట 'ఈ నేల యెవరిది?' అను ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పుట కష్టము. నూలు వర్తకునకును నేతగానికిని బేరము కుదరవలెనన్న ముందుగా తూనికరాళ్లపై ఇరువురకును నమ్మకముండవలెను. రాళ్ల సంగతి తేలక ధర మాటలాడినచో మిగులునది కలహమే. ఊళ్ల సరిహద్దు తగవులును ఇట్టివే. ఇందులకు తెలుగువారి చరిత్రలోనే ఒక ఉదాహరణము కలదు.

చిత్తూరు జిల్లా 1911లో ఉత్తరార్కాటు, కడప జిల్లాల భాగములతో ఏర్పడినది. దాని దక్షిణపు అంచున తెలుగు, తమిళము పల్లెపల్లెకు మారుచుండును. అందరును మద్రాసు ప్రభుత్వము క్రింద నున్నంతకాలము దానివలన చిక్కు లేకుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము విడివడగానే తగవు పైకివచ్చెను. మ. పొ. శివజ్ఞానముగారు మొదలగు తమిళ నాయకులు తిరుపతివరకు తమదనిరి. ఆంధ్రులు అంతకుముందే మద్రాసు నగరమును కోరియుండిరి. అడుగుటలో ఎవరును తక్కువ తినలేదు.

తిరుత్తణి విషయమే చూడుడు. తమిళులకది కుమారస్వామి ఆరు నివాసములలో నొకటి. తెలుగువారికది సర్వేపల్లి రాధాకృష్ణపండితుని జన్మస్థానము. రెండును నిజమే. ఒక్క వైపునుండి చూచినది సంపూర్ణసత్యము కాదను అనేకాంతవాదము జైనగృహములలో పిల్లలకును తెలిసినదే. కాని సర్వే పటముపై గీత ఒక్కటే గీయవలెను గదా!

ఇరుపక్షములకు నడుమ మధ్యవర్తిగా వచ్చినవారు హరి వినాయక పటాస్కరుగారు. పూనానుండి షోలాపూరు వచ్చు మార్గముననున్న ఇందాపూరులో 1892లో జన్మించిన న్యాయవాది; కేంద్రమంత్రిగా పనిచేసినవారు. తెలుగుగాని తమిళముగాని ఆయన మాతృభాష కాకపోవుట ఒక మేలే.

ఆయన పేర నిలిచిన సూత్రమునకు గ్రామమే కొలత. ఆ గ్రామమున అధికసంఖ్యాకుల భాష యేది? అది చేరబోవు రాష్ట్రమునకు ఎడతెగక అంటియున్నదా? తాలూకాను కొలతగా గొన్నచో, నూరు పల్లెలలో అరువది ఒక భాషవైనప్పుడు తక్కిన నలువదియు వాని వెంట పోవలసినదే. గ్రామమును గొన్నచో గీత వంకరలు పోవును గాని, అయిష్టముగా ఆవలివైపు చిక్కుకొనువారు తగ్గుదురు. అట్లని ఇంటింటిని విడదీయుట యెవరికిని సాధ్యము కాదు. చెరువు, బీడు, కరణము లెక్క ఊరికంతటికి ఉమ్మడిగా నుండెడివి. ఇక ఎడతెగక అంటియుండవలెనను నియమమే లేకున్న, ఒక రాష్ట్రము నడుమ మరియొక రాష్ట్రపు పల్లె దీవివలె మిగిలిపోవును.

దీనికి 1959లో పార్లమెంటు చట్టము చేసినది. 1960 ఏప్రిల్ 1న అది అమలులోనికి వచ్చెను. తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతములు మద్రాసునకు పోయెను. చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతపు పల్లెలును, సేలము జిల్లానుండి కొన్నియు ఆంధ్రకు వచ్చెను. తిరుపతి కదలలేదు. రాధాకృష్ణపండితుడు ఉపరాష్ట్రపతిగా నున్న కాలముననే ఆయన పుట్టినయూరు మద్రాసులో చేరినది. గీతకు ఈవల నగరిలోను, ఆవల పళ్లిపట్టు వైపునను మగ్గములు మాత్రము ఆడుచునే యున్నవి.

మరుసటి నెల, 1960 మే 1న, మహారాష్ట్రము ఏర్పడినది. మైసూరుతో దాని తగవు విచారించుటకు 1966లో మహాజను కమిషను నియమింపబడి, 1967లో నివేదిక నిచ్చినది. కాని ఏ కొలతతో కొలువవలెనో ఇరుపక్షములకు ఏకాభిప్రాయము లేదు. మహారాష్ట్రము గ్రామమునే కొలతగా గొనుమని పట్టుబట్టి, ఆ నివేదికను త్రోసిపుచ్చెను. మైసూరు దానినే పట్టుకొనెను. షోలాపూరునకు దాపుననున్న అక్కల్‌కోట, జత్తు తాలూకాల పేర్లు అందులోనివే. 2004లో మహారాష్ట్రము సుప్రీంకోర్టునకెక్కినది.

ఈ సూత్రము నేతపేటల తెలుగువారికి ఏమియు నీయజాలదు. పేటలో ఎందరున్నను తెలుగునేల వారికి అంటియుండలేదు. ఏ గీత ఎటు జరిగినను వారు మరాఠీ, కన్నడముల నడుమనే యుందురు. వారికి కావలసినది సరిహద్దు కాదు, పిల్లలకు తెలుగు చదువు. తిరుత్తణిలో మిగిలిన తెలుగువారు కోరునదియు అదియే.