బద్ధకం అని తిట్టుకునే ముందు

పొద్దున్నే లేవాలని అలారం పెట్టుకుని, అది మోగగానే నొక్కేసి పడుకుంటాం. తొమ్మిదింటికి లేచి 'నాకు పట్టుదల లేదు' అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆ నీరసం స్వభావంలోంచే వచ్చిందని ఎలా తేల్చేశాం? ఒకసారి ఒంటినీ అడిగి చూడాలి కదా.

జ్వరం వచ్చిన రోజు ఎలా ఉంటుంది? అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పడుకుంటే చాలనిపిస్తుంది. క్రిములతో పోరాడే కణాలు సైటోకైన్లనే రసాయనాలను వదులుతాయి. శక్తినంతా పోరుకే మిగల్చమని మెదడుకు కబురు అందేది వాటి ద్వారానే. దెబ్బ తగిలినచోట ఎర్రబడి వాచడమూ ఈ రక్షణలో భాగమే. ఇదే ఇన్‌ఫ్లమేషన్. పని పూర్తయ్యాక అది చల్లారాలి. చల్లారకుండా లోలోపల కొనసాగితే, జ్వరం లేకపోయినా జ్వరం నాటి నిస్సత్తువ వదలకపోవచ్చు.

ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపులో పెట్టేవాటిలో కార్టిసాల్ అనే హార్మోన్ ముఖ్యమైనది. ఒత్తిడి నెలల తరబడి సాగితే కణాలు ఆ హార్మోన్ మాట సరిగా వినవు, ఇన్‌ఫ్లమేషన్ చల్లారదు. విచిత్రమేమిటంటే, అదే ఒత్తిడి అవసరమైన చోట రక్షణను మందగింపజేస్తుంది కూడా. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిలి మీద 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి చూశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షకు 3 రోజుల ముందు. 1998లో వెలువడిన ఫలితం ప్రకారం, పరీక్షలప్పటి గాయం మానడానికి సగటున 3 రోజులు ఎక్కువ పట్టింది. విద్యార్థులు వాళ్లే, గాయం అంతే.

నిద్ర తగ్గినా ఇన్‌ఫ్లమేషన్ రేగుతుంది. కాలిఫోర్నియాలో పరిశోధకుడు మైఖేల్ ఇర్విన్ బృందం ఆరోగ్యవంతులను రాత్రి 11 నుంచి 3 దాకా మేలుకొని ఉండమంది. తెల్లారేసరికి వాళ్ల రక్తకణాలు సైటోకైన్లను ఎక్కువగా తయారుచేస్తూ కనిపించాయి. ఒక్క రాత్రికే ఇలా ఉంటే, అమెరికా క్లయింట్ల వేళకు పనిచేసే హైదరాబాద్ ఉద్యోగులు, అర్ధరాత్రి దాకా రీల్స్ చూసేవాళ్లు ఆలోచించుకోవాలి.

కాబట్టి క్రమశిక్షణను తెల్లవారుజాము అలారంతో కాక, రాత్రి పడుకునే వేళతో మొదలుపెట్టండి. కనీసం 7 గంటల నిద్ర, రోజూ ఒకే వేళకు లేవడం, కాసేపు నడక. పడుకోబోయే ముందు ఫోన్ మరో గదిలో ఉంచండి. రేపటి పనులు కాగితం మీద రాసేస్తే, పక్క మీద వాటిని నెమరువేసే అవసరం తగ్గుతుంది. ఇవన్నీ కొన్ని వారాలు పాటించినా అలసట తీరకపోతే డాక్టర్‌ను కలవండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12 లోపం, గురకతో చెడే నిద్ర వంటివాటిని సంకల్పబలంతో జయించలేం.

నిద్ర చాలనివాడు తన సామర్థ్యం మీద ఇచ్చుకునే తీర్పు చెల్లదు. ముందు నిద్రపోండి, తీర్పు తరవాత.