ఇంటి చుట్టూ కందిరీగల పట్టులు: గుర్తింపు, తొలగింపు

కందిరీగ అనే ఒక్క మాటతో తెలుగువారు కనీసం మూడు రకాల కీటకాలను పిలుస్తారు. పట్టును తీయవలెనా, తీస్తే ఎవరు తీయవలెను అన్నది ఇంటికి వచ్చినది ఆ మూడింటిలో ఏదన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

మొదటిది మట్టి గూడు కట్టేది. తలుపు మూలలోనో, గోడకు తగిలించిన పటం వెనుకనో, పుస్తకాల అరలోనో ఎండిన మట్టిముద్ద కనిపిస్తే అది దీని పనే. భ్రమరకీట న్యాయం అనే మాట దీనివల్లనే పుట్టింది. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి ఝంకారం చేస్తే, ఆ పురుగు దానినే తలచి తలచి తానూ భ్రమరమై బయటికి వస్తుందని పెద్దలు చెప్పేవారు. నిజానికి గూట్లో జరిగేది వేరు. తల్లి కందిరీగ గొంగళిపురుగునో, సాలీడునో కుట్టి కదలలేకుండా చేసి గూట్లో ఉంచి, గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్ల ఆ ఆహారాన్ని తిని, రెక్కలు వచ్చాక మట్టిని తొలుచుకొని వెళ్లిపోతుంది. ఈ తల్లి ఒంటరి జీవి. గూటికి కాపలా కాయదు, పట్టి నలిపితే తప్ప మనిషిని కుట్టదు. గూటికి రంధ్రం కనిపిస్తే పిల్ల వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు చాకుతో గీకి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తాళపుచెవి రంధ్రాన్ని, ఏసీ నీటి గొట్టాన్ని ఇది మూసివేయకుండా చూసుకోవటం మాత్రం అవసరం.

రెండవది కాగితపు పట్టు కట్టేది. సన్‌షేడ్ కింద, కిటికీ చువ్వల వద్ద, ఏసీ బయటి పెట్టె వెనుక, మీటరు పెట్టెలో బూడిదరంగు గదులతో, పైన కప్పు ఏదీ లేకుండా, చిన్న కాడతో వేలాడేది ఇదే. కొయ్యపీచును నమిలి లాలాజలంతో కలిపి ఈ కాగితాన్ని తయారు చేస్తాయి. చలికాలం వస్తే ఇవి వాటంతట అవే చనిపోతాయన్న సలహా చలిదేశాలకు చెందినది. దక్షిణ భారతంలో విరివిగా కనిపించే రోపలీడియా మార్జినాటా అనే జాతిని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలపాటు పరిశీలించారు. దాని పట్టులు ఇక్కడ ఏడాది పొడవునా సాగుతాయి. కొత్త పట్టు ఏ నెలలోనైనా మొదలు కావచ్చు. కనుక చలికై వేచి ఉండటం వృథా. అయితే మొక్కలను తినే గొంగళిపురుగులను వేటాడే ఈ కీటకం, మనుషులు తిరగని చోట పట్టు పెట్టుకుంటే దాని జోలికి పోకుండటమే మేలు.

మూడవది పెద్దది, నల్లని ఒంటిపై పసుపు పట్టె ఉంటుంది. కొన్ని చెట్టు కొమ్మకో, భవనపు అంచుకో పొరలు పొరలుగా కాగితం చుట్టిన పెద్ద బుంగవంటి గూడు కడతాయి. కొన్ని నేల బొరియల్లో, చెట్టు తొర్రల్లో ఉంటాయి. పెద్ద గూట్లో వందల సంఖ్యలో ఉండవచ్చు. దీనిని ఇంటివారు తాకనే రాదు.

కాగితపు పట్టు అరచేతికన్నా చిన్నదై, నేలపై నిలిచి అందుకోగల దూరంలో ఉంటేనే ఇంటివారు దానిని తీయవచ్చు. ఇంతకుముందు కుట్టినప్పుడు ఊపిరాడని అనుభవం ఉన్నవారు మాత్రం ఈ పనికి పూనుకోరాదు. పని చీకటి పడ్డాక, అన్నీ పట్టు చేరాక చేయవలెను. పిల్లలను లోపల ఉంచి, తలుపులు, కిటికీలు మూయాలి. నిండు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, బూట్లు, చేతితొడుగులు, ముఖానికి కప్పు తప్పనిసరి. ఎరుపు వెలుగు వీటికి సరిగా కనబడదు. టార్చికి ఎర్రటి పలుచని కాగితం కట్టటం అందుకే. కందిరీగలపై వాడవచ్చని డబ్బాపై రాసి ఉన్న స్ప్రేను, అందులో చెప్పిన దూరం నుండి కొట్టి, వెంటనే లోపలికి వెళ్లాలి. ఆ రాత్రి మళ్లీ చూడటానికి పోరాదు. మరునాడు కదలిక లేదని తెలిశాక పట్టును కర్రతో రాల్చి, సంచిలో మూటకట్టి, కాడ అంటిన చోటును సబ్బునీటితో కడగాలి.

ఊళ్లలో కర్రకు కిరోసిన్ గుడ్డ చుట్టి కాల్చే అలవాటు ఉన్నది. పూరింటి చూరుకే అది ప్రమాదమైనప్పుడు, తీగలు, గ్యాసు గొట్టాలు అల్లుకున్న అపార్టుమెంటులో ఇక చెప్పేదేమున్నది? గోడ రంధ్రంలో ఉన్నవాటిని సిమెంటుతో మూసివేయటమూ తగదు. అవి వేరే దారి తొలిచి గదిలోకి రావచ్చు. అన్నింటికన్నా తప్పు, వాచ్‌మన్ చేతిలో నూరు రూపాయలు పెట్టి మూడో అంతస్తుకు నిచ్చెన ఎక్కించటం. కుట్టటం వల్ల కాకపోయినా, చేయి విదిలించి పడిపోవటం వల్ల అతని ప్రాణం పోవచ్చు.

పెద్ద గూడు, ఎత్తున ఉన్న గూడు విషయంలో అగ్నిమాపక శాఖకు 101 నంబరుకు ఫోను చేయవలెను. తమిళనాడులో ఇటువంటి పిలుపులకు ఆ శాఖ సిబ్బంది వస్తారు. చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913. అద్దె ఇంట ఉన్నవారు యజమానికి, ఉమ్మడి స్థలమైతే సంఘానికి కూడా వెంటనే తెలపాలి. తమిళంలో కందిరీగను కుళవి అని, పెద్దదానిని కదండు అని అంటారు. గూడు అనటానికి కూడు. తెలుగు చెవికి అన్నంలా వినిపించినా అక్కడ సరైన మాట అదే. తేనీ అంటే తేనెటీగ. ఈ తేడా ముఖ్యం: ఒకే పెద్ద రేకులా వేలాడే తేనెతుట్టెను మందు కొట్టి చంపనవసరం లేదు. పెద్ద తేనెటీగలు కొన్ని నెలలుండి వలస పోతాయి. తీయక తప్పకపోతే ఆ పని తెలిసినవారిని పిలవాలి.

కుట్టినప్పుడు ముందుగా అక్కడి నుండి దూరంగా పోవాలి. తేనెటీగ ముల్లు ఒంట్లో ఉండిపోతుంది, దానిని వెంటనే గీకి తీయాలి. కందిరీగకు ముల్లు ఊడదు, అది మళ్లీ మళ్లీ కుట్టగలదు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టాలి. సున్నం పూయటం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే కాని, అది చర్మాన్ని కాలుస్తుంది. పెదవులు, నాలుక వాచటం, ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయాలి; ఆసుపత్రిలో ఇచ్చే అడ్రినలిన్ సూది ఆలస్యం కారాదు. నోటిలోనో, గొంతు వద్దనో కుట్టినా అంతే. పెద్ద కందిరీగలు చాలాచోట్ల కుట్టినవారు అప్పటికి బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్లవలెను. ఆ విషం మూత్రపిండాలను దెబ్బతీయగలదు; తరువాతి రోజుల్లో మూత్రం తగ్గినా, టీ డికాక్షన్ రంగులోకి మారినా, ఏ కీటకం, ఎప్పుడు, ఎన్నిచోట్ల కుట్టిందో వైద్యునికి చెప్పాలి.