సాకెట్‌లో పెట్టే సోలార్: మైక్రో ఇన్వర్టర్ కొనే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన లెక్క



ఈ నెల మన సైన్స్ పేజీకి పదో తరగతి పిల్లలు చదివే "ఎలక్ట్రిక్ కరెంట్" పాఠాన్నే తీసుకున్నాను. ఎండలు ముదిరినప్పటి నుంచి పేరెంట్స్ మీటింగులో మార్కుల తర్వాత నన్ను ఎక్కువగా అడుగుతున్నది సోలార్ గురించే. "మేడమ్, ఒక ప్యానెల్, దాని కింద చిన్న డబ్బా, వైరు తెచ్చి సాకెట్‌లో పెడితే బిల్లు తగ్గుతుందట, నిజమేనా?" అని. దుబాయిలోనో జర్మనీలోనో ఉన్న తమ్ముడు వీడియో పంపి ఉంటాడు. నిజమే, అలాంటివి ఉన్నాయి. ఆ చిన్న డబ్బానే మైక్రో ఇన్వర్టర్ అంటారు. అయితే ఏ కంపెనీది కొనాలి అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగాలి: కరెంటు పోయినప్పుడు ఆ డబ్బా ఏం చేస్తుంది?

డబ్బా లోపల

సోలార్ ప్యానెల్ ఇచ్చేది డీసీ. ఇంట్లో మనం వాడేది 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 సార్లు ఊగే అల. మైక్రో ఇన్వర్టర్ ఆ డీసీని ఏసీగా మార్చి ఇంటి లైనులో కలుపుతుంది. ఎలా కలుపుతుందో పిల్లలకు నేను ఇలా చెప్తాను: బతుకమ్మ ఆడేటప్పుడు కొత్తగా వచ్చినామె ముందు చప్పట్ల తాళం వింటుంది, తర్వాత అడుగు కలుపుతుంది. ఇన్వర్టర్ కూడా లైనులోని అలను ముందు గమనించి, దానితో సరిగ్గా కలిసేలా తన కరెంటును వదులుతుంది. తాళం ఆగిపోతే ఇదీ ఆగిపోవాలి.

అంటే మిట్టమధ్యాహ్నం ఎండ దంచుతున్నా సరే, లైను పోతే ఈ సోలార్ కూడా పోతుంది. మీ ఫ్యాను తిరగదు. చాలామంది ఈ ఒక్క విషయం తెలియకనే డబ్బులు పెడుతున్నారు. "పరీక్షలప్పుడు కరెంటు పోతుంది, పిల్లల కోసం సోలార్ పెట్టిద్దామని" అనుకునేవాళ్లకు ఇది పనికి వచ్చే వస్తువు కాదు. వాళ్లకు కావాల్సింది బ్యాటరీ. ఇంట్లో ఇప్పటికే 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంటే లెక్క చూడండి: 12ను 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, అంటే 900. రెండు మామూలు ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 170 వాట్లు అనుకుంటే దాదాపు నాలుగున్నర, ఐదు గంటలు. ఆ బ్యాటరీకి తగిన సోలార్ చార్జ్ కంట్రోలర్, ప్యానెల్ పెట్టించుకోవడం వేరే పద్ధతి. అది లైనులో కలవదు.

ఒక హెచ్చరిక. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే, దాని నుంచి కరెంటు వచ్చే సాకెట్లలో మైక్రో ఇన్వర్టర్‌ను ఎప్పుడూ పెట్టకూడదు. కరెంటు పోగానే బ్యాటరీ ఇన్వర్టర్ ఇచ్చే ఏసీని చూసి మైక్రో ఇన్వర్టర్ "లైను వచ్చింది" అనుకుంటుంది, దానిలోకి ఉల్టా కరెంటు తోస్తుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్లు దీనికోసం చేసినవి కావు, కాలిపోవచ్చు.

స్తంభం మీద ఉన్న మనిషి

లైను పోగానే సోలార్ ఎందుకు ఆగాలి? మన ఊళ్లలో గాలి దుమారానికి తీగ తెగితే లైన్‌మెన్ ఎల్‌సీ తీసుకొని, లైను ఆఫ్ అయిందని నమ్మి స్తంభం ఎక్కుతాడు. అదే సమయంలో ఏ ఇంటి సోలారో లైనులోకి కరెంటు వదులుతూ ఉంటే? ఆయన పట్టుకునే తీగకు ప్రాణం ఉన్నట్టే. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుందని మీ పిల్లలు చదివే ఉంటారు, ఇటు నుంచి చిన్న వోల్టేజీ ఎక్కితే అటు పెద్దదవుతుంది. ఒక చిన్న ఇన్వర్టర్ ఊరంతటి లోడును మోయలేక ఆగిపోతుందిలే అని కొందరు అంటారు. ఆ నమ్మకం మీద ఎవరినీ స్తంభం ఎక్కించలేం కదా. మన బడిలో లైన్‌మెన్ల పిల్లలు, హెల్పర్ల పిల్లలు కూడా చదువుతున్నారు.

లైను పోయినట్టు గుర్తించి వెంటనే తనంతట తాను ఆగిపోయే ఈ గుణాన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు. దీన్ని పరీక్షించే భారతీయ ప్రమాణం ఐఎస్ 16169. ఇన్వర్టర్ భద్రతకు ఉన్నది ఐఎస్ 16221, రెండో భాగం. డబ్బా మీద లేదా దాని పేపర్ల మీద ఈ నంబర్లు, బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి. సాకెట్‌లో పెట్టే రకానికి ఇది ఇంటి లోపల కూడా అవసరమే. ప్లగ్గు లాగిన క్షణంలో దాని పిన్నులు చచ్చిపోవాలి, లేకపోతే చిన్నపిల్లల చేతికి అందేది అవే.

జర్మనీలో నడిచేది ఇక్కడ ఎందుకు అలాగే నడవదు

జర్మనీలో అపార్ట్‌మెంట్లలో అద్దెకుండేవాళ్లు బాల్కనీ రెయిలింగుకు ఒకటి రెండు ప్యానెళ్లు కట్టుకుంటారు. 2024 మే నుంచి అక్కడ ఇన్వర్టర్ 800 వాట్ల వరకు, ప్యానెళ్లు 2000 వాట్ల వరకు ఉంటే ప్రభుత్వ రిజిస్టరులో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. అంతకు ముందు హద్దు 600 వాట్లు. సూపర్‌మార్కెట్లలో కూడా అమ్ముతారు. అమెరికాలో యూటా రాష్ట్రం 2025లో 1200 వాట్ల వరకు ఇలాంటి అనుమతే ఇచ్చింది.

హద్దు ఎందుకు పెట్టారన్నది మంచి పాఠం. 800ను 230తో భాగించండి, సుమారు 3.5 ఆంపియర్లు. మీ ఇంట్లో ఒక సర్క్యూట్‌కు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకోండి. లైను నుంచి 16 వరకు వస్తే అది పడిపోకుండా ఊరుకుంటుంది. అదే సర్క్యూట్‌లోని ఇంకో సాకెట్ నుంచి సోలార్ 3.5 ఆంపియర్లు కలిపితే గోడలోని తీగ కొంత దూరం 19.5 మోస్తుంది, ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. తీగ వేడెక్కుతుంది. పాత వైరింగు, సరిగా లేని ఎర్తింగు ఉన్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. అందుకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో అసలే వద్దు. మెయిన్ బోర్డు నుంచి దానికి మాత్రమే ఒక తీగ, ఒక ఎంసీబీ పెట్టించాలి.

ఇక అనుమతి సంగతి. మన దగ్గర లైనుతో కలిసే సోలార్‌కు కరెంటు ఇచ్చే సంస్థ దగ్గర దరఖాస్తు, నెట్ మీటర్ ఉండాలి. చందుర్తికి కరెంటు ఇచ్చేది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనందరం సెస్ అనుకునేది. 1970 నుంచి నడుస్తున్న సహకార సంఘం అది, డైరెక్టర్లను ఓట్లేసి మనమే ఎన్నుకుంటాం, కాబట్టి వెళ్లి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల వైపు తల్లిదండ్రులు ఎన్‌పీడీసీఎల్ ఆఫీసుకు వెళ్లాలి.

నెట్ మీటర్ లేకుండా పెట్టేస్తే ఇంకో నష్టం ఉంది. మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటిలో కరెంటు లోపలికి వచ్చినా, బయటికి పోయినా వాడుకగానే లెక్క పడుతుంది. మీరు లైనుకు ఉచితంగా ఇచ్చిన కరెంటుకు మీరే బిల్లు కట్టాల్సి వస్తుంది!

ఎరుపు లైటు లెక్క

ఇది ఆదివారం పిల్లలతో చేయించండి. మీటరు మీద "3200 ఇంపల్స్" అన్న అర్థంలో ఒక అంకె రాసి ఉంటుంది, మీ మీటరులో వేరే అంకె ఉండొచ్చు. చిన్న ఎరుపు లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఉదయం 11 గంటలకు, మామూలుగా ఇంట్లో ఏవి నడుస్తాయో అవే నడుస్తుండగా, ఒక నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. 8 సార్లు అనుకోండి. 8ని 60తో గుణిస్తే గంటకు 480. దాన్ని 3200తో భాగిస్తే 0.15 కిలోవాట్, అంటే 150 వాట్లు. మీటరు పెట్టెను తాకకూడదు, చూసి లెక్కపెట్టడమే.

ఈ అంకె తేలాకే ఇన్వర్టర్ గురించి మాట్లాడాలి. మన వైపు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, కాబట్టి 550 వాట్ల ఒక ప్యానెల్ రెండు యూనిట్ల దాకా. కానీ పగలు ఇంట్లో నడిచేది 150 వాట్లే అయితే, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా వాడుకోగలిగేది ఒక యూనిటే. నెలకు 30 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే 210 రూపాయలు. మిగతాది బయటికి పోతుంది. రెండో ప్యానెల్ పెట్టినా మీకు వచ్చేది పెద్దగా పెరగదు. తల్లిదండ్రులిద్దరూ పనికి, పిల్లలు బడికి వెళ్లిపోయే ఇంట్లో ఇంకా తక్కువ.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంటికైతే తగ్గడానికి బిల్లే లేదు. అలాంటి ఇంట్లో సోలార్ కోసం అప్పు చేయడం నాకు అర్థం కాదు. బిల్లు కడుతున్నవాళ్లు ఏ స్లాబులో ఉన్నారో బిల్లు తీసి చూసుకొని, నా 7 రూపాయల బదులు ఆ ధర వేసి లెక్క చేయండి.

ప్యానెల్ వెనక లేబుల్

లెక్క కుదిరింది, అనుమతి కూడా దొరుకుతుంది అనుకుందాం. అప్పుడు ప్యానెల్ లేబుల్‌ను, ఇన్వర్టర్ లేబుల్‌ను పక్కపక్కన పెట్టి చదవాలి. ముఖ్యమైనది ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ. 550 వాట్ల ప్యానెల్‌కు అది 49.8 వోల్టులు ఉందనుకోండి. ఆ అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. చలి పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. సంక్రాంతి ముందు తెల్లవారుజామున 10 డిగ్రీలు ఉంటే 15 డిగ్రీల తేడా, 4 శాతం పెరుగుదల, అంటే 51.8 వోల్టులు. ఇన్వర్టర్ 60 వోల్టుల వరకు తట్టుకునేదైతే భయం లేదు. 50 వరకే అయితే చలికాలంలో ఒక ఉదయం పాడవుతుంది. రెండు ప్యానెళ్లను సిరీస్‌లో కలిపి ఒకే ఇన్‌పుట్‌కు ఇస్తే 100 దాటుతుంది, అది నేరుగా కాలబెట్టడమే.

కరెంటు విషయంలో ఇన్వర్టర్ తీసుకోగల ఆంపియర్లు ప్యానెల్ ఇచ్చేదానికంటే కొంచెం తక్కువైతే మిగిలింది వాడుకోదు, అంతే. కానీ షార్ట్ సర్క్యూట్ కరెంటు హద్దును మాత్రం దాటకూడదు. కొత్త పెద్ద ప్యానెళ్లలో కొన్ని 18 ఆంపియర్ల దాకా ఇస్తాయి, పాత మైక్రో ఇన్వర్టర్లు వాటికి సరిపోవు.

వాట్ల దగ్గర దుకాణంవాళ్లు పెద్దది అంటగడతారు. అవసరం లేదు. మే నెలలో స్లాబు మీద ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం పోతుంది. 550 వాట్లది నిండు ఎండలో 470 ఇస్తే గొప్ప. దానికి 400 వాట్ల ఇన్వర్టర్ పెట్టినా నష్టపోయేది మధ్యాహ్నం కొంచెమే.

అసలు మైక్రో ఇన్వర్టర్ ప్రత్యేకత నీడ దగ్గర కనిపిస్తుంది. మామూలు పద్ధతిలో ప్యానెళ్లన్నీ పాతకాలపు సీరియల్ బల్బుల దండలాగా వరుసగా ఉంటాయి, ఒకదాని మీద వాటర్ ట్యాంకు నీడ పడితే దండ మొత్తం మీద దెబ్బ కొంత పడుతుంది. ప్రతి ప్యానెల్‌కు సొంత ఇన్వర్టర్ ఉంటే నీడ పడినదే తగ్గుతుంది. నీడే లేని స్లాబుకు ఈ అదనపు ఖర్చు అనవసరం.

విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లకు: అమెరికాది 60 సైకిళ్లది, వద్దు. జర్మనీవి 230 వోల్టులు, 50 సైకిళ్లే. కానీ లోపల ఆ దేశపు సెట్టింగు ఉంటుంది. మన నిబంధనల్లో 184 నుంచి 253 వోల్టుల మధ్యే నడవాలి. లో వోల్టేజీ ఉండే వీధిలో ఏ ఇన్వర్టరైనా మాటిమాటికీ ఆగుతుంది, ముందు వారం రోజులు మల్టీమీటరుతో చూసుకోండి. 15 ఏళ్ల వారంటీ అని రాసి ఉన్నా రిపేరు సెంటర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటే ఏం లాభం? ప్యానెల్ కింద గాలి ఆడేలా జానెడు ఖాళీ వదలాలి. తీగలకు పైపు తొడగాలి, మన ఊరి కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

కేబుళ్లతో సహా ఇదంతా చూశాక, పగటి వాడకం ఎక్కువున్న ఇళ్లకు నేను చెప్పేది సాకెట్ సోలార్ కాదు, పీఎం సూర్యఘర్ కింద సరైన రూఫ్‌టాప్. 2024లో మొదలైన ఈ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకంటే ఎక్కువైతే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది, నెట్ మీటరుతో పాటు. అందులోనూ మైక్రో ఇన్వర్టర్ పెట్టించుకోవచ్చు, నీడ ఉంటే అడగండి. సాకెట్‌లో పెట్టే కిట్టుకు ఈ సబ్సిడీ రాదు.

లైటు లెక్క వర్క్‌షీట్ ఇంగ్లిష్‌లో ఎదురు పేజీలో ఉంది. ఉదయం 11కి ఒకసారి, రాత్రి 8కి ఒకసారి లెక్కపెట్టి, పాత బిల్లు జిరాక్సుతో కలిపి సోమవారం పిల్లల సైన్స్ నోట్‌బుక్‌లో పెట్టి పంపండి. తొమ్మిది, పది తరగతుల వాళ్లతో వాటి మీదే క్లాసులో లెక్కలు చేయిస్తాను.