అడిగితే చెప్పే మనిషి



నీ జాబు అందింది. మీ ఇంట్లో మొదటి డిగ్రీ నీదే. ఇప్పుడు నిన్ను ఇద్దరు ముగ్గురు జూనియర్లకు మెంటార్‌గా ఉండమంటున్నారనీ, నీకు మనసొప్పడం లేదనీ రాశావు. "నాకెవరు చెప్పారు? పడి లేచి నేర్చుకున్నా. వాళ్లూ నేర్చుకుంటారు" అన్నావు. ఆ మాటలో రోషం ఉంది, దాన్ని తప్పు పట్టను. లెక్క మాత్రం సరిగ్గా లేదు. అదెక్కడ తప్పిందో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

కాలేజీలో మొదటి తరం పిల్లలు వెనకబడేది తెలివి చాలక అనుకుంటారు చాలామంది. కొంచెం దగ్గరికి వెళ్లి చూడు. డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు కావాలి. ఆ నంబరు బాపుది. బాపు దుబాయ్‌లోనో, చేనులోనో ఉంటాడు. ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది, గడువు దాటిపోతుంది. ఎలాగో సీటు వచ్చిందనుకో, గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. మెసేజ్ రావడంతోనే పని అయిపోయిందనుకుని ఊరుకున్న పిల్లకు అది తెలిసేసరికి తర్వాతి విడత మొదలై ఉంటుంది. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌ వెబ్‌సైట్‌లో మొదటి ఏడు దరఖాస్తు పెడితే సరిపోదు, ఏటేటా రెన్యువల్ చేయించుకోవాలి. ఇంజినీరింగ్‌లో హాజరు 75 శాతం ఉండాలి. కొంత తగ్గితే కారణం చూపి, కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. 65 కూడా దాటకపోతే ఆ దారీ మూసుకుపోతుంది. పత్తి ఏరే రోజుల్లో ఇంటికి రమ్మంటే ఉట్నూరు వైపు పిల్ల కాదనలేక పోతుంది. తిరిగి వచ్చి నోటీసు బోర్డు మీద 'కండోనేషన్' అన్న మాట చూస్తుంది. అది శిక్షో, సదుపాయమో ఆమెకు తెలియదు. టీచర్ల ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మాటను అన్నం తినేటప్పుడే విని ఉంటుంది. ఇవేవీ సిలబస్‌లో ఉండవు. బీడీలు చుట్టే ఇంట్లో, సాంచాలు నడిపే ఇంట్లో, బొగ్గుబాయి ఇంట్లో ప్రేమకు కొదువ ఉండదు. కొదువల్లా అడిగితే చెప్పే మనిషికే.

సర్కారు ఇన్ని ఇస్తుంటే ఇంకా వేలు పట్టి నడిపించాలా అని నువ్వు అడగొచ్చు. ఇచ్చిన మాట నిజమే. 2008లో మొదలైన పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, అదే ఏడాది బాసరలో ట్రిపుల్ ఐటీ, కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, 2016లో ఆడపిల్లలకు గురుకుల డిగ్రీ కాలేజీలు చాలా దూరం తీసుకొచ్చాయి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం కాలేజీ వయసులో ఉన్న ప్రతి వందమందికి తెలంగాణలో చేరికలు 40, దేశం మొత్తమ్మీద 28.4. అయితే ఇవి చేరికల లెక్కలు. చేరినవాళ్లందరూ పట్టా పట్టుకుని బయటికొచ్చారని కాదు. ఈ రెంటి మధ్య తేడాను న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూశారు. పేద విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫీజుకు తక్కువపడిన మొత్తం, పుస్తకాలు, రైలు పాసుతోపాటు తరచూ కలిసి మాట్లాడే సలహాదారును కూడా ఇచ్చారు. మూడేళ్లకు ఆ గుంపులో 40 శాతం పట్టా పొందారు, మామూలుగా వదిలేసిన గుంపులో 22 శాతమే. అమెరికా లెక్క ఆదిలాబాద్‌కు అతకదంటావేమో. అంకె అతకకపోవచ్చు, కారణం అతుకుతుంది. చెప్పే మనిషి లేని ఖాళీ మన దగ్గరా ఉంది.

అక్కడ డబ్బూ మనిషి తోడూ కలిసే పనిచేశాయన్నది మరిచిపోవద్దు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల కాక కాలేజీ మెమోలు ఆపితే ఏ మెంటారూ చేయగలిగింది లేదు. స్కాలర్‌షిప్ బదులు మార్గదర్శనం ఇస్తామనేవాళ్లు ఎవరైనా కనిపిస్తే అనుమానించు.

ఇక ఎవరూ చెప్పకుండా సొంత కాళ్ల మీద నిలబడ్డానన్న నీ మాట సంగతి. మన పక్క నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మనం ఆ ధైర్యం గురించే చెప్పుకుంటాం. అంతకుముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పినవాళ్లున్నారు. డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో వెంట ఉండి తర్ఫీదు ఇచ్చినవాళ్లున్నారు. పంపడానికి సిద్ధపడిన గురుకుల సంస్థ ఉంది. దానివల్ల ఆమె గొప్పతనం ఒక్క అడుగు కూడా తగ్గలేదు. నీ విషయానికొస్తే, పడి లేచావు కాబట్టి నాకు జాబు రాశావు. పడి లేవనివాళ్లు ఎవరికీ జాబులు రాయరు. నీ బ్యాచ్‌లో సెకండియర్‌కే కనిపించకుండా పోయినవాళ్లను లెక్కలో వేసి అప్పుడు చెప్పు, ఎవరి పాట్లు వాళ్లు పడితే చాలునని.

నాలుగేళ్లే పెద్దదాన్ని, నాకేం అర్హత అన్నావు. ఈ ప్రశ్నకు జవాబు మన గడ్డ మీదే ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల కష్టాలకు మూలం వెతకమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. బయటినుంచి పండితులను దింపి ఊరుకోలేదు. అప్పటికే కాస్తో కూస్తో అక్షరాలు వచ్చిన గోండు యువకులనే పిలిచి, గోండి వాచకాలు తయారుచేసి, వాళ్ల చేతే పిల్లలకు చెప్పించారు. వాళ్లు పిల్లలకన్నా నాలుగు మెట్లు పైన ఉన్నారు, నలభై కాదు. నాలుగు మెట్ల పైనున్నవాడికి కిందివాడి కాలు ఎక్కడ జారుతుందో గుర్తుంటుంది. గురుకులాల్లో చదివి బయటికొచ్చిన స్వేరోలు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ దారి చూపడం మొదలుపెట్టినప్పుడు జరిగిందీ అదే. పిల్లలకు ఉపన్యాసంకన్నా తమలాంటి ఇంటినుంచి వచ్చిన మనిషి మీద గురి ఎక్కువ.

ఇంత చెప్పి, ఒప్పుకో అని మాత్రం అనను. అమెరికాలో ఇలాంటి కార్యక్రమాల్లో పాతది 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్'. అందులోని 959 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. పెద్దలు జతపడిన పిల్లలు బడి ఎగ్గొట్టడం బాగా తగ్గిందని తేల్చింది. అదే సమాచారాన్ని 2002లో మరోసారి తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. జత ఏడాది దాటి సాగిన చోటే మేలు ఎక్కువ. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం మునుపటికన్నా తగ్గింది. నడిమధ్యలో వదిలేసిన మనిషి అసలు లేని మనిషికన్నా చేటు అన్నమాట. అందుకని నువ్వు గ్రూప్-2కు కూర్చుని ఏడాదంతా ఫోన్ ఎత్తలేననుకుంటే ఇప్పుడే వద్దని చెప్పెయ్. సిగ్గుపడాల్సింది లేదు.

ఒప్పుకుంటే మాత్రం ముగ్గురొద్దు, ఒక్కరిని తీసుకో. స్ఫూర్తి మాటలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, నువ్వు కలపక్కర్లేదు. ఈపాస్ గడువు, పరీక్ష ఫీజు చివరి తేదీ, హాజరు శాతం నీ ఫోన్‌లోనూ పెట్టుకో. పత్తి రోజులు రాకముందే ఆ పిల్లతో కాదు, వాళ్ల అమ్మతో మాట్లాడు. ఎన్ని రోజులు ఇంటి దగ్గర ఉంటే పరీక్షకు ముప్పు రాదో లెక్కగట్టి చెప్పు. ఇంటిమీద కోపం తెప్పించే సలహా ఏదీ ఇవ్వకు, డబ్బు అప్పుగా ఇవ్వకు. ఏ బ్రాంచి తీసుకోవాలని అడిగితే, తనకు ఎక్కడ ఆసక్తి ఉందో ముందు విను. నీ బ్రాంచే గొప్పదనకు.

ఇంతకీ నిన్ను మెంటార్‌గా ఉండమన్నవాళ్లు చెప్పిన పిల్లల్లో ఆసిఫాబాద్ వైపువాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏ సబ్జెక్టులు తీసుకున్నారో కనుక్కుని రాయి.

మీ బాపును అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెదనాయన