ఒక బండి చక్రము మఱియొక బండికి సరిపడునా?

కఱ్ఱచక్రముల కాలమున ఈ ప్రశ్నకు జవాబు సులభముగ నుండెడిది. ఇరుసు మందమును, చక్రపు కుండలోని బెజ్జమును సరిచూచి, రెండు చక్రముల యెత్తు సమముగ నున్నయెడల తగిలించి కడచీల దిగగొట్టెడివారు. నేడు మన సభ్యులలో పెక్కుమందికి ట్రాక్టరులు, ట్రాలీలు గలవు. వీని ఇనుపచక్రములు హబ్బునకు నట్టులతో బిగింపబడును. కోతల దినములలో రిమ్ము పగిలెనేని, పొరుగువారి చక్రము నెరువు తెచ్చుటయో, పాతసామాను అంగడిలో కొనుటయో జరుగుచున్నది. అప్పుడు చాలమంది చూచునది రంధ్రముల సంఖ్య యొక్కటియే. “మనదానికి ఆఱు, దీనికిని ఆఱు” అని తెచ్చి బిగించెదరు. సంఖ్య కుదిరినంత మాత్రమున చక్రము కుదిరినట్లు కాదు. కొలవవలసిన కొలతలు ఆఱు గలవు. వానిని వరుసగా తెలిపెదము.

ముందొక సంగతి గ్రహింపవలయును. ట్రాలీ బరువు బోల్టులమీద వ్రేలాడుచున్నదని పలువురు తలంతురు. అది సరి కాదు. నట్టుల బిగింపుచే చక్రపు రేకు హబ్బు ముఖమునకు గట్టిగా నొత్తుకొని యుండును. ఆ యొత్తిడియే చక్రమును కదలనీయదు. రేకు ఎక్కడనైన ఎడముగ నున్నయెడల చక్రము లోలోపల కదలుచుండును, నట్టులు వదులగును, స్టడ్డులు అలసి యొకదాని వెనుక నొకటి తెగును. ధాన్యపు బస్తాలు, వానిపై కూలివారు నుండగా చక్రమూడిన నేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1. బోల్టుల వలయము. బోల్టుల నడిబిందువుల గుండ గీచిన వలయముయొక్క అడ్డుకొలత ఇది. నాలుగు, ఆఱు, ఎనిమిది రంధ్రములున్నచో, ఒక రంధ్రపు వెలుపలి అంచునుండి దాని కెదుటి రంధ్రపు లోపలి అంచువఱకు కొలిచిన ఈ కొలత వచ్చును. నడుమ హబ్బు అడ్డమైనచో, ఆఱు బోల్టులవానికి ప్రక్కప్రక్క బోల్టుల నడిబిందువుల దూరమును రెండింతలు చేసిన చాలును. అయిదు బోల్టులవానికి ఎదుటి బోల్టు లేదు గనుక, ప్రక్కప్రక్క వాని దూరమును 1.701 చేత గుణింపవలెను. దూరము 82 మిల్లీమీటరులైన, గుణించగా 139.5 వచ్చును, అనగా అది 139.7 మిల్లీమీటరుల, లేక అయిదున్నర అంగుళముల, వలయమని తెలియును. అయిదు బోల్టులలోనే 112 మిల్లీమీటరుల వలయమును, 114.3 మిల్లీమీటరుల వలయమును గలవు. ప్రక్కప్రక్క బోల్టుల దూరమున వీనికి భేదము ఒకటిన్నర మిల్లీమీటరైనను లేదు. కంటికి రెండును నొక్కటిగనే కనబడును. కావున కంటిని నమ్మక కొలబద్దను నమ్మవలెను.

2. నడిమి రంధ్రము. ఇది హబ్బు మెడకంటె చిన్నదైన చక్రము లోనికి పోదు. మిక్కిలి పెద్దదైన, మెడమీద కుదురుకొనవలసిన చక్రము నడిమికి రాక ఒక ప్రక్కకు జరిగి, ఊగుచు తిరుగును.

3. నట్టు కూర్చుండు చోటు, మర. కొన్ని చక్రములలో నట్టు కూర్చుండు చోటు గరాటువలె ఏటవాలుగ నుండును. కొన్నిట గిన్నెవలె గుండ్రముగ నుండును. కొన్నిట చదునుగ నుండును. ఏ చోటునకు ఆ నట్టే వాడవలెను. గరాటు రంధ్రమునకు చదును నట్టు వేసిన, అది అంచునుమాత్రమే తాకి త్వరలో వదులగును. మరయు నొక్కటిగ నుండవలెను. 12 మిల్లీమీటరుల స్టడ్డులలోనే 1.25 మర, 1.5 మర యని రెండు రకములు గలవు. ఒకదాని నట్టు మఱియొకదానిపై కొంచెమెక్కి పట్టుకొనును. దానిని స్పానరుతో బలవంతపెట్టిన మర చెడును.

4. లోతు. చక్రమును లోపలివైపు పైకి వచ్చునట్లు పరుండబెట్టి, రిమ్ము అంచులమీద ఒక తిన్నని బద్దను అడ్డముగ నుంచి, బద్దనుండి హబ్బును తాకు ముఖమువఱకు కొలువవలెను. రిమ్ముల వెడల్పు సమమై, ఈ కొలత పాత చక్రముతో సరిపోయిన మంచిది. భేదమున్నయెడల చక్రము లోనికి జరిగి బ్రేకు డ్రమ్మును గాని తొట్టిని గాని రాచుకొనును. లేదా బయటికి జరిగి బేరింగుపై అధిక భారము వేయును.

5. టైరు కొలత. 7.50-16 అని టైరుపై నున్నచో, వెడల్పు ఏడున్నర అంగుళములనియు, రిమ్ము అడ్డుకొలత 16 అంగుళములనియు అర్థము. ఒకే ఇరుసునకు రెండు చక్రములును సమమైన యెత్తు గలవై యుండవలెను. నాలుగు చక్రములకును ఇంజను శక్తి పోవు ట్రాక్టరులలో ముందు వెనుక చక్రముల యెత్తు గేర్లనుబట్టి నిర్ణయింపబడియుండును. ఒక జత యెత్తును మాత్రము మార్చిన టైరులరుగుటయేగాక గేర్లకును హాని కలుగును.

6. మోయు బరువు. టైరు ప్రక్కను బరువు సంఖ్య యుండును. 91 అనిన 615 కిలోలు, 125 అనిన 1,650 కిలోలు. నాలుగు చక్రముల ట్రాలీ తన బరువుతో గూడ 6,500 కిలోలు తూగినచో చక్రమునకు 1,625 కిలోలు పడును. గుంటలో ఒక ప్రక్కకు వాలినప్పుడు అంతకంటె నెక్కువ పడును. కారు చక్రము ఎంత క్రొత్తదైనను ఈ పనికి తగదు. టైరుపై తయారీ తేదీని చూపు నాలుగంకెలు గూడ చూడవలెను. 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని తెలియవలెను. రిమ్మునకు బీటలు, అతుకులు లేకుండ నుండవలెను.

ఈ యాఱును కుదిరిన పిమ్మట పరీక్ష చేయవలెను. ట్రాలీని చదునైన నేలపై నిలిపి, తక్కిన చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, జాకీతో నెత్తవలెను. చక్రము చేతితోనే స్టడ్డులపై కెక్కి, హబ్బు ముఖమునకు చుట్టును ఎడము లేక ఆనవలెను. నట్టులను మొదట వ్రేళ్లతోనే త్రిప్పవలెను. స్టడ్డు మందమెంతయో నట్టు మర అంతలోతైనను పట్టవలెను. తరువాత ఒకదాని కెదుటిదానిని, వరుస తప్పించి, కొంచెము కొంచెముగ బిగించి, చక్రమును త్రిప్పి చూడవలెను, ఎక్కడను రాచుకొనరాదు. ముందు చక్రమైనచో స్టీరింగును రెండు ప్రక్కల చివరివఱకు త్రిప్పి చూడవలెను. తొలి ప్రయాణమైన పిమ్మట నట్టులను మరల బిగింపవలెను.

కుదరని చక్రమును కుదిర్చెదమని రంధ్రములను ఆకురాయితో పెంచుట, వెల్డింగు చేయించుట ఎంతమాత్రమును కూడదు. రంధ్రము సాగిన, నట్టు కూర్చుండు చోటు నశించును. పైని చెప్పిన యొత్తిడియు దానితో పోవును. నాలుగు డబ్బులు మిగిలినవని సంతసించిన దినముననే నష్టమునకు విత్తు పడును.

విజయవాడ ఆటోనగరు వంటి అంగళ్లకు పోవువారు హబ్బుమీద మందమైన అట్టను ఒత్తి, స్టడ్డుల గుఱుతులు పడిన తావుల రంధ్రములు చేసి, ఆ అట్టను, కొలతల చీటిని వెంట గొనిపోవలెను. అంతకంటె మేలైన పని యొకటి సంఘము చేయవచ్చును. సభ్యులందఱి ట్రాలీల చక్రముల ఈ కొలతలను ఒక పుస్తకమున వ్రాసి కార్యాలయమున నుంచినయెడల, ఎవరి చక్రము ఎవరికి సరిపడునో కోతలకు ముందే తెలియును. దారిలో ట్రాలీ ఆగి, మబ్బు పట్టి, ధాన్యము తడియు వేళ కొలతలు తీయుచు కూర్చుండు పని తప్పును. ఒక రైతు చక్రము మఱియొక రైతు పంటను ఇల్లు చేర్చును. సహకారమనగా ఇదియే గదా!